అప్పుడు ఏడిపించిన సినిమా ఇప్పుడు విసిగిస్తోంది, మీకూ ఇలాగే ఉందా?

గోపాల్‌పూర్_లైట్‌హౌస్
మొన్న ఆదివారం ఇంట్లో చిన్నపాటి యుద్ధమే అయింది. మా అమ్మ టీవీలో 1953 నాటి దేవదాసు పెట్టింది. కాలేజీ రోజుల్లో బరంపురంలో పాత సినిమాల మార్నింగ్ షోలకి పడి చచ్చేవాణ్ణి. అప్పుడు ఈ సినిమా చూసి బయటికొచ్చి, స్నేహితులకి మొహం చూపించలేక సైకిల్ స్టాండు వెనక్కి పోయి నిలబడ్డాను. ఇప్పుడేమో అరగంటకే చిరాకు మొదలైంది. అర్ధరాత్రి పార్వతి ధైర్యం చేసి ఇంటికొచ్చి అడిగితే దేవదాసుకి నోట మాట రాదు. పట్నం పోయి ఉత్తరం రాస్తాడు. ఆ తర్వాత తాగుడు. "తండ్రి ముందు నోరు తెరవడానికి వీడికేం రోగం?" అని పైకే అనేశాను.

అమ్మకి ఒళ్ళు మండింది. "నీకు పెళ్ళీడు కూతురుంది గనక నీకలా ఉంది. సినిమాకేం కాలేదు" అని టీవీ సౌండు పెంచేసింది. రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నా సందేహం ఏంటంటే, ఇప్పటి చిరాకు నిజమైతే అప్పటి ఏడుపుని ఏం చెయ్యాలి? దొంగ ఏడుపని కొట్టిపారెయ్యాలా? మీకు సినిమా గానీ పుస్తకం గానీ పాట గానీ ఇలా తిరగబడ్డాయా?

కోర్టుపేట_కుర్రోడు
ముసలాడివైపోయావన్నా. చర్చ ముగిసింది, అందరూ టీ తాగండి.

మహేంద్రతనయ
ముగియలేదు, కూర్చో కుర్రోడూ.

లైట్‌హౌస్ గారూ, నాది మీకు సరిగ్గా తిరగేసిన కథ. పదహారేళ్ళప్పుడు పర్లాకిమిడిలో మా మేనత్తలతో కలిసి చూశాను. దేవదాసు పార్వతి నుదుటి మీద కొట్టి మచ్చ చేస్తాడు కదా, ఆ తర్వాత కూడా వీళ్ళంతా వాడి కోసమే కళ్ళొత్తుకుంటుంటే నాకు మండిపోయింది. కొట్టినవాడి మీద జాలేంటి? అప్పుడే ఆ సినిమాకో దండం పెట్టేశాను. నలభై దాటాక ఎందుకో మళ్ళీ చూస్తే కొంచెం నచ్చింది. దేవదాసు కాదు, ఆ మనిషి నాకెప్పటికీ నచ్చడు. పార్వతి. తనకంటే పెద్ద పిల్లలున్న జమీందారు ఇంటికి రెండో పెళ్ళాంగా వెళ్ళి, ఆ ఇంటిని గుట్టుగా చేతిలోకి తీసుకునే తీరు. అక్కడ సావిత్రి ఏమీ చేస్తున్నట్టుండదు. కొడుకుల ముందు కూర్చునేటప్పుడు వీపు నిటారుగా పెడుతుంది, అంతే. అత్తారింట్లో కొన్నేళ్ళు కాపురం చేస్తే గానీ ఆ వీపు కనపడదు.

సిలోన్_శ్రోత
మీరిద్దరూ కథనే పట్టుకుని కొట్టుకుంటున్నారు. పాటలు వినండర్రా. సంగీత దర్శకుడు సుబ్బరామన్ ఆ సినిమా విడుదల చూడలేదు, 1952లోనే పోయారు. మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. చిన్నప్పుడు ఇవేవీ తెలీకుండానే రేడియోలో విని చొక్కా తడుపుకున్నాం. ఇప్పుడు తెలిసి వింటుంటే పాటలో బరువు పెరిగింది గానీ తగ్గలేదు. ఇంకోటి, ఆ మత్తు కళ్ళకి మందు కారణం కాదు. రాత్రిళ్ళు షూటింగు పెట్టుకుని, పెరుగన్నం కడుపునిండా తిని, ముంచుకొచ్చే నిద్రతో చేశానని అక్కినేనే చెప్పేవారు.

కోర్టుపేట_కుర్రోడు
నేనూ రోజూ పెరుగన్నమే తింటున్నాను బాబాయ్, మరి నాకెందుకు రాదు ఆ లుక్కు?

సిలోన్_శ్రోత
నువ్వు పగలు తిని ఆఫీసులో పడుకుంటావు. అందుకు.

వంశధార66
మనిషి మారాడు, వయసు మారింది అంటున్నారు గానీ సరుకు మారిందేమో ఎవరైనా చూశారా?

మాది గుణుపురం. ఎనభైల్లో అక్కడ పాటలంటే రికార్డింగ్ సెంటరే. తెల్ల కాగితం మీద పాటల చీటీ రాసి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వస్తే నాలుగు రోజులకి ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టు, ఒక్కో వైపు ముప్పై. మనం ఆశకొద్దీ వైపుకి ఎనిమిది పాటలు రాస్తాం. ఎనిమిదోది సగంలో టేపు అయిపోతుంది. నాకు ప్రాణమైన పాటొకటి అలా రెండో చరణం మధ్యలో 'టక్' మని తెగేది. పదేళ్ళు అలాగే విన్నాను. ఆ తర్వాత ఫోన్లో పూర్తి పాట దొరికింది. మిగతా చరణం విన్నాను. చప్పగా ఉంది! నా మనసులో ఆ పాట ఆ మాట దగ్గరే అయిపోవాలి.

ఇంకా ఉంది. ఆయన డెక్కు నెమ్మదిగా తిరిగేదనుకుంటా. నెమ్మదిగా తిరిగే డెక్కు మీద ఎక్కించి, సరైన స్పీడున్న టేప్ రికార్డర్లో వేస్తే గొంతు పైకి పోతుంది, తాళం పరిగెడుతుంది. అలా విన్న బాలు గొంతు నాకు ఇరవై ఏళ్ళ కుర్రాడిది. ఇప్పుడు అసలు శ్రుతిలో విన్నప్పుడల్లా 'ఈయనకి జలుబు చేసిందా' అనిపిస్తుంది. ఇందులో నా అభిప్రాయం మారిందంటారా, శ్రుతి మారిందంటారా?

మహేంద్రతనయ
జలుబు! నవ్వలేక చస్తున్నాను.

సిలోన్_శ్రోత
వంశధార చెప్పింది అక్షరాలా నిజం. రేడియోలో వింటే గాలి పెడితే ఒకలాగ, వాన పడితే ఒకలాగ వచ్చేది. ఆ గుయ్యిమనే మోత కూడా పాటలో భాగమే అనుకున్నాం.

ధర్మాబాద్_మిర్చి
మా దిక్కు ముచ్చట ఇనుండ్రి. మాది నాందేడ్ జిల్లా, బాసర దాటితె మేమే. తెలుగు సిన్మా జూడాల్నంటె నిజామాబాద్ బోవుడే. 1989ల శివ జూసొచ్చి నేను జేసిన మొదటి పని మా నాయిన సైకిల్ చైన్ గుంజుడు. అది తెగలే, నా చెయ్యి తెగింది, మీదికెల్లి నాయిన దంచుడు యేరె.

2025 నవంబర్ల గదే సిన్మా మల్ల థియేటర్లల్ల ఏసిండ్రు గద. పోరన్ని తోలుకొని పోయిన. ఆఁ, ఇప్పుడు జూడు, ఇప్పుడు జూడు అని పక్కపొంటి గిల్లుకుంట గూసున్న. వాడు అంత అయినంక నిమ్మలంగ అడిగిండు: "బాపూ, ఇండ్ల కొత్తదేముంది?" నాకు నోట్లె మాట లేదు. ముప్పై అయిదేండ్ల సంది వచ్చిన ప్రతి కొట్లాట సిన్మ దీనికెల్లే ఎత్తుకపోయె. ముందుగాల ఎత్తుకపోయినయి చూసిన పోరనికి అసలుది పాతబడ్డట్టే ఉంటది. నాకు గూడ ఆ రాత్రి సగం తగ్గింది, అబద్ధం ఎందుకు జెప్పాలె. కెమెరా ఉరుకుడు మాత్రం ఇప్పటికి గమ్మతే.

కోర్టుపేట_కుర్రోడు
మిర్చి అన్నా, చెయ్యి కట్టు కట్టిన ఫోటో ఉంటే పెట్టు.

ధర్మాబాద్_మిర్చి
ఫోటో లేదు తమ్మీ, మచ్చ ఉంది. పార్వతికున్నట్టె.

జయపురం_జాజులు
దేవదాసు, శివ అయ్యాయి గనక మాయాబజార్ నేను ఎత్తుకుంటాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

చిన్నప్పుడు మాకు మాయాబజార్ అంటే ఘటోత్కచుడు, ఎగిరే లడ్డూలు, కంబళీ, గిల్పం. మొదటి గంట ఎప్పుడైపోతుందా అని కూర్చునేవాళ్ళం. పెద్దవాళ్ళు ఏవేవో మాట్లాడుకుంటారు, మనకెందుకు.

మా అమ్మాయికి సంబంధాలు చూడ్డం మొదలెట్టాక ఒకరోజు మళ్ళీ చూశాను. ఆ మొదటి గంట మా హాల్లో జరిగినట్టే ఉంది! మేనత్త కొడుక్కి ఇస్తామని చిన్నప్పుడే మాటిచ్చుకున్నారు. జూదంలో వాళ్ళ రాజ్యం పోయింది. ఇక రేవతికి ఆ మాట గుర్తుండదు. ఇంటికొచ్చిన సుభద్రతో ఎంత చల్లగా మాట్లాడుతుందో చూడండి. తిట్టదు, పొమ్మనదు. మర్యాదలో ఎక్కడా లోపం రానివ్వదు. మనిషిని మాత్రం గుమ్మం అవతలే నిలబెడుతుంది. రేవతిగా వేసిన ఛాయాదేవిని చిన్నప్పుడు చెడ్డ పెద్దమ్మ అనుకుని వదిలేశాను. ఇప్పుడు చూస్తే ఆవిడ మనందరికీ తెలిసిన మనిషి.

ఎందుకంటున్నానంటే, మాకు అటు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన సంబంధాలు ఇలాగే పోయాయి. మేం తెలుగువాళ్ళమే, ఇంటిపేర్లు కలుస్తాయి, పెళ్ళిళ్ళకి పిలుపులుంటాయి. జాతకం చూస్తారు, ఫోటో చూస్తారు, కాఫీ తాగుతారు. చివర్లో "అంతా బానే ఉందమ్మా, కాని ఒడిశా కదా" అంటారు. అబ్బాయిల సంగతయితే ఇంకా అన్యాయం. పిల్లలు ఒడియా మీడియంలో చదవాలా, ఇక్కడి కులం సర్టిఫికెట్టు అక్కడ చెల్లుతుందా, ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెడతారు. మేమేం రాజ్యం ఓడిపోలేదు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మాకటుపక్క పడింది, అంతే.

ఇంకో సంగతి. సినిమా అంతా పాండవుల కష్టం చుట్టూనే తిరుగుతుంది కదా, ఒక్క పాండవుడు కూడా తెర మీద కనపడడు! చిన్నప్పట్నుంచి చూస్తున్నా, ఆరోజు దాకా నాకు ఆ లోటే తెలీలేదు. సంబంధం తప్పిపోయిన ఇంట్లో తండ్రి కూడా అలాగే ఉంటాడు. అందరూ ఆయన గురించే మాట్లాడతారు, ఆయన మాత్రం పెరట్లో ఉంటాడు.

గోపాల్‌పూర్_లైట్‌హౌస్
జాజులు గారూ, ఇది చదివి మా ఆవిడ ఫోను నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ చదివింది. "కాని ఒడిశా కదా" మాకూ బాగా తెలిసిన మాట. ఇంతకీ అమ్మాయి సంగతి?

జయపురం_జాజులు
రాయగడ సంబంధం కుదిరింది. అటువాళ్ళూ ఇలా గీతకి ఇటుపక్కే ఉండి సగం సంబంధాలు పోగొట్టుకున్నవాళ్ళే. బాగా కలిసింది.

ఇచ్ఛాపురం_గేటు
గీతకి అటుపక్క మనిషిగా అంటున్నానండి, మా వాళ్ళ తరఫున సిగ్గుగానే ఉంది. కాని మాయాబజార్ మీద నాదొక ఫిర్యాదు. 2010లో రంగులేసి వదిలారు కదా. మా పిల్లలకి అదే చూపించాను, నోరు తెరుచుకుని చూశారు. నేను మాత్రం పడవ పాట దగ్గర లేచి బయటికొచ్చేశాను. కెమెరామన్ మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో ఆరబోసిన వెన్నెలండి అది. దానికి నీలం పూస్తే పెళ్ళి పందిట్లో ట్యూబులైట్లా అయింది.

కోర్టుపేట_కుర్రోడు
నేను రంగుల్లోనే మొదట చూశాను. నాకు అదే మాయాబజార్. నలుపు తెలుపు చూస్తే ఏదో తీసేసినట్టుంటుంది. ఇప్పుడు నాకు పోలీసుల్ని పిలుస్తారా?

ఇచ్ఛాపురం_గేటు
పోలీసులు చాలరు.

పర్లాకిమిడి_మాస్టారు
పుస్తకాల మాట ఎవరూ ఎత్తరేం? కన్యాశుల్కం.

మా చిన్నతనంలో స్కూలు వార్షికోత్సవానికి గిరీశం సీను లేకుండా ఉండేది కాదు. చుట్ట, కోటు, బట్లరింగ్లీషు. వేసినవాడు ఏం మాట్లాడినా నవ్వే. నేనూ ఒకసారి వెంకటేశం వేశాను. అందుకని నాకు అదొక నవ్వుల పుస్తకం. పైగా మన వైపు మాట. అసిరిగాడి యాస మా వీధిలో విన్నదే, చదువుతుంటే ఇంట్లోవాళ్ళు మాట్లాడుకున్నట్టుండేది.

ఉద్యోగంలోంచి దిగాక తీరిగ్గా మొదట్నుంచీ చదివాను. ఈసారి ముందుమాట వదల్లేదు. 1897 నాటి మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసుకున్నది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణుల్లో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితా తీయించారట. తీసుకున్నామని ఒప్పుకోడానికి జనం వెనకాడతారు గనక లెక్క పూర్తిది కాదని ఆయనే అంటారు. అయినా తేలినవి 1034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ చంటిపిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు.

అది చదివి నాటకంలోకి వెళ్తే గిరీశం ఎక్కడో మూలకి పోయాడు. నాకు వెంకమ్మ కనపడింది. పెద్దకూతురు బుచ్చమ్మ విధవై ఇంట్లో కూర్చుంది. రెండోదాన్ని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్ముతానంటాడు మొగుడు. ఆవిడ చెప్పి చూస్తుంది, ఏడ్చి చూస్తుంది, నూతిలో దూకుతుంది. మేం స్టేజీ మీద ఆ సీను ఎప్పుడూ వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నవ్వు రాదు కదా.

1909లో వచ్చిన రెండో కూర్పే మనం చదివేది. మొదటిది చాలా చిన్నది, మధురవాణికి అందులో ఇంత చోటు లేదు. అంటే గురజాడ కూడా తన నాటకాన్ని పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ చూసి సమాధానపడలేదన్నమాట. లైట్‌హౌస్ గారికి ఇది పనికొస్తుందేమో.

మహేంద్రతనయ
మాస్టారూ, మన గిడుగు వారు కూడా ఈ లెక్కలోకి వస్తారు కదా? గురజాడకి విజయనగరంలో క్లాస్‌మేటు.

పర్లాకిమిడి_మాస్టారు
అవునమ్మా. ఇక్కడే పాఠాలు చెప్పారు, ఇక్కడే సవర భాష మీద పనిచేశారు, ఊరు ఒడిశాలో కలుస్తోందని 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన మీద మొదలెడితే ఈ చర్చ దారి తప్పుతుంది. ఇంకోటి పెట్టుకుందాం.

జన్హమామూ_చందమామ
నాది కొరాపుట్. ఇంట్లో తెలుగు చందమామ, బడి లైబ్రరీలో ఒడియా జన్హమామూ. బొమ్మలు అవే, కథలు అవే, అక్షరాలు వేరు. ఒడియా చదవడం నాకు చాలావరకు అలాగే పట్టుబడింది.

ఈ మధ్య పాత సంచికలు కట్టగట్టి కూర్చుని భేతాళ కథలు తిరగేశాను. శంకర్ గీసిన ఆ బొమ్మ, కత్తి పట్టిన రాజు, భుజం మీద శవం, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తేడా వచ్చింది జవాబుల దగ్గర. చిన్నప్పుడు భేతాళుడి ప్రశ్న చదివి కళ్ళు మూసుకుని ఆలోచించేదాన్ని. రాజు చెప్పింది చూసి 'ఓహో' అనుకునేదాన్ని. ఆయన రాజు, తప్పెలా చెప్తాడు? ఇప్పుడు మూడింట్లో రెండు జవాబులకి నాకు ఒప్పుదల లేదు. త్యాగం చేసిన నౌకరు గొప్పా, చేయించుకున్న యజమాని గొప్పా అనే తరహా ప్రశ్నలుంటాయి కదా, రాజు ఎప్పుడూ పై వాళ్ళ పక్షమే. భేతాళుడు అందుకే మళ్ళీ చెట్టెక్కేస్తున్నాడని నా అనుమానం.

వంశధార66
మౌనభంగం ఒక సాకు మాత్రమే అంటావు! ఇది నాకు నచ్చింది.

మహేంద్రతనయ
శంకరాభరణం కూడా అడుగుతాను, తిట్టుకోవద్దు. 1980లో వచ్చినప్పుడు మా ఇంట్లో ఒడియా వాళ్ళు, తెలుగు వాళ్ళు అందరూ కలిసి వెళ్ళారట. నేను ఆ తర్వాత టీవీలో చూశాను. చిన్నప్పుడు నిద్రొచ్చేది. సంగీతం నేర్చుకున్నాక వారానికొకసారి పెట్టుకుని కూర్చునేదాన్ని. జానకి, వాణీ జయరాం, బాలు, ఆ గొంతులకి వంక ఏముంది. ఇప్పుడు పాటలు అలాగే ఉన్నాయి, తులసి దగ్గర మాత్రం ఆగిపోతున్నాను. ఆవిడ కోసం ఆవిడ ఏం అడుగుతుంది ఆ సినిమాలో? ఏమీ అడగదు. కొడుకుని శిష్యుడిగా పంపిస్తుంది, కచేరీ పెట్టిస్తుంది, చివరికి ఆయన కాళ్ళ దగ్గర ప్రాణం వదులుతుంది. అందరూ లేచి చప్పట్లు కొడతారు.

సిలోన్_శ్రోత
అమ్మా, అది భక్తి. మీ లెక్కల్లో కొలిస్తే తూగదు.

మహేంద్రతనయ
భక్తి ఎప్పుడూ ఒక వైపు నుంచే ఎందుకు నడుస్తుంది బాబాయ్ గారూ?

సిలోన్_శ్రోత
దీనికి నా దగ్గర జవాబుంది గానీ నువ్వు ఒప్పుకోవు. వదిలెయ్. ఇంకో ముచ్చట చెప్తాను. సోమయాజులు శంకరశాస్త్రి కాకముందు కన్యాశుల్కం నాటకంలో రామప్పంతులు. తమ్ముడు రమణమూర్తి గిరీశం. ఆ నాటకం చూసిన మా నాన్నగారు శంకరాభరణానికి వెళ్ళి, సోమయాజులు తెర మీదకి రాగానే నవ్వు మొదలెట్టారు. చుట్టుపక్కలవాళ్ళు 'ష్' అంటున్నారు. "పంతులు పాట పాడుతున్నాడర్రా" అని ఒకటే నవ్వు. ఇంటర్వెల్ దాటాక గానీ తగ్గలేదు. ఆఖర్న బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయనకి రెండోసారి అక్కర్లేకపోయింది, ఒక్క ఆటలోనే అభిప్రాయం మారిపోయింది.

కోర్టుపేట_కుర్రోడు
ఇప్పటిదాకా ఆటలాడాను, ఇక సీరియస్‌గా ఒకటి. మీరందరూ చేస్తున్నది నాకు నచ్చడం లేదు. కూతురి పెళ్ళయితే మాయాబజార్, అత్తారిల్లయితే దేవదాసు. సినిమాని మీ బయోడేటా చేసేశారు. జాజులు పిన్నీ, మీ పోస్టు బాగుంది, కాదనను. కాని అందులో సినిమా ఎంత, జయపురం ఎంత? రెండోసారి చూసినప్పుడు మొదటిసారి కనపడని పనితనం కనపడాలి కదా. మిర్చి అన్న కెమెరా ఉరుకుడు అన్నాడు, గేటు గారు వెన్నెల అన్నారు, అంతే. మిగతావాళ్ళంతా సినిమా పెట్టుకుని అద్దం చూసుకుంటున్నారు.

జయపురం_జాజులు
పాండవులు తెర మీద కనపడరని చెప్పింది పనితనం గురించి కాదా నాయనా? కె.వి.రెడ్డి వాళ్ళని ఊరికే వదిలేశాడా? ఆ ఖాళీ నాకు పెళ్ళిచూపుల వల్ల కనపడింది, నీకు ఎడిటింగ్ చదివితే కనపడుతుంది. కనపడింది ఒకటే.

కోర్టుపేట_కుర్రోడు
సరే, ఇక్కడ మీకొక మార్కు. తులసి విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆ పాత్ర రాసినవాడు అలాగే ఉండాలని రాశాడు, మనకి నచ్చకపోతే అది మన ఇష్టం, సినిమా లోపం కాదు.

మహేంద్రతనయ
లోపమని నేనెక్కడన్నాను? ఆగిపోతున్నాను అన్నాను.

వంశధార66
కుర్రోడా, నా క్యాసెట్టుకి ఏం చెప్తావు? అద్దం లేదు, పనితనం లేదు. టేపు అయిపోయింది, అంతే.

కోర్టుపేట_కుర్రోడు
మీ కేసు ఎలక్ట్రీషియన్‌కి పంపాలి బాబాయ్.

గోపాల్‌పూర్_లైట్‌హౌస్
ఇవన్నీ అమ్మకి చదివి వినిపించాను. పార్వతి వీపు సంగతి దగ్గర 'ఆ అమ్మాయెవరో గాని చూసింది' అంది. పెరుగన్నం మాట తనకి ముందే తెలుసట. నా ప్రశ్నకి మాత్రం ఆవిడ జవాబు వేరు. పెళ్ళికి ముందు దేవదాసు కోసం ఏడ్చిందట, మా నాన్న పోయాక చంద్రముఖి కోసం ఏడ్చిందట, ఇప్పుడు ఎవరి కోసమూ ఏడవదట, పాటల కోసం పెట్టుకుంటుందట. "ఇన్నిసార్లు మారాను, మీ నాన్నతో ఒక్కసారన్నా దెబ్బలాడానా? నువ్వే ఒకటి అనుకోగానే ఊరంతా చెప్పాలంటావు" అంది. నేను నోరు మూసుకున్నాను. వచ్చే ఆదివారం మాయాబజార్ పెట్టమంది. నలుపు తెలుపుదే.

ఇచ్ఛాపురం_గేటు
అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

ధర్మాబాద్_మిర్చి
మాస్టారు సారూ, ఆ ముందుమాట ఉన్న కన్యాశుల్కం మా దిక్కు దొరుకతలేదు. మీ తాన ఇంకో కాపీ ఉంటె పంపియ్యుండ్రి. బదులు మా ఊరి ఎండు మిరపకాయలు పంపుత, మార్కెట్ల ఇప్పుడే కొత్త సరుకు దిగింది.

పర్లాకిమిడి_మాస్టారు
పుస్తకం రేపే స్పీడ్ పోస్టులో వేస్తాను, అడ్రసు విడిగా పంపండి. మిరపకాయలు వద్దు బాబూ, డాక్టరు కారం మానెయ్యమన్నాడు.

కోర్టుపేట_కుర్రోడు
మాస్టారి వాటా మిరపకాయలు నాకు పంపొచ్చు.